బోరెంలో పాము, గంప మీద అయ్యవారు

ఎమ్మిగనూరు బోర్డు స్కూలు ప్రభుదాసు అయ్యవారు ఒక నాగుపాముకు శరణాలు చెప్పించి బౌద్ధంలో కలిపేశాడు. ఆయన ‘బుద్ధం శరణం’ అనగానే అది పడగ వంచి దండం పెట్టింది. ఇదంతా పట్టపగలు ఆదోనిలో పదిమంది చూస్తుండగా జరిగింది.

సరే, దండం పెట్టిందన్న మాట వెనక్కు తీసుకుందాం. చేతులు లేని జీవి దండం ఎట్లా పెడుతుంది? శరణాలు తిరిగి చెప్పిందని కూడా ఎవరూ ప్రమాణం చేయలేరు. పోనీ విన్నదా అంటే, పాముకు చెవులే లేవని చదువుకున్నవాళ్ళు అంటారు. కానీ పాము ఉంది. అయ్యవారు ఉన్నాడు. ఆ ఇద్దరికీ మధ్య మాదన్న కాళ్ళు ఉన్నాయి. ఇందులో మాత్రం వీసమెత్తు తగ్గించేది లేదు.

అసలు ఎమ్మిగనూరుకూ ఆదోనికీ మధ్య ప్రభుదాసు అయ్యవారంత పిరికివాడు మరొకడు లేడు. మనుషులంటే ఆయనకు బెదురు లేదు. ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చి అరిచినా చేతులు కట్టుకోకుండా జవాబు చెప్పేవాడు. జంతువంటే మాత్రం ప్రాణం గొంతులోకి వచ్చేది. పిల్లలకోడి ఎదురొస్తే పక్క సందులోకి మళ్ళేవాడు. బండి ఎద్దు తల తిప్పి చూస్తే గోడకు అతుక్కుని, బండి మలుపు తిరిగేదాకా ఊపిరి బిగబట్టేవాడు. కోడుమూరు సంతకు పోయే బస్సులో ఎవరో తన కాళ్ళ దగ్గర పొట్టేలును నిలబెడితే, టికెట్టు కొన్న మనిషి దారిలోనే దిగి ఎర్రటి ఎండలో నడిచిపోయాడు. చిన్నతనంలో ఏ కుక్కా ఆయన్ను కరవలేదు, ఏ తేలూ కుట్టలేదు. ఒట్టి భయమే. కారణమంటూ ఉంటే ఎవరైనా నచ్చజెప్పి పోగొట్టేవారు.

అలాంటి మనిషి జీవకారుణ్యంలో పడడానికి కారణం రైలు. నాగపూరులో లక్షలమంది బౌద్ధం పుచ్చుకున్నారన్న వార్త పేపర్లో వచ్చిన చలికాలమది. చుట్టాన్ని రైలెక్కించడానికి ఆయన ఆదోని స్టేషనుకు పోయాడు. బొంబాయి నుంచి మద్రాసు పోయే రైలు ఏదో మరమ్మతు వచ్చి ఆగిపోయింది. పసుపు వస్త్రాలు కట్టుకున్న ముసలి భిక్షువు ఒకాయన దిగి, ప్లాట్‌ఫారం మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. ఆయన పాదం మీద గజ్జికుక్క ఒకటి తల పెట్టుకుని పడుకుంది. భిక్షువు ఒక ముక్క తాను తిని, ఒక ముక్క దానికి పెడుతున్నాడు.

ప్రభుదాసు దూరంగా, తూకం మిషను చాటున నిలబడి తనకు వచ్చిన ఆదోని ఉర్దూలో అడిగాడు. “స్వామీ, అది కరవదా?”

“ఆకలి తీరినాక కరవాల్సిన పని దానికేముంది?” అన్నాడు భిక్షువు.

“నాకు భయం స్వామీ. పేపర్లో మీ ధర్మం గురించి చదివినప్పటి నుంచి మనసు అటే పోతాంది. కానీ ఈ భయం పోతేగానీ నేను పనికిరానేమో.”

భిక్షువు నవ్వాడు. “నీ భయం పోయేదాకా ఇది ఆకలితో కాచుకోవాలా? భయపడుతూనే దానికి మేలు కోరు. చెయ్యి వణికినా రొట్టె రొట్టేగదా.”

ఆయన చేతిలో ఒక ముక్క పెట్టాడు. ప్రభుదాసు దాన్ని అంత దూరం నుంచే విసిరాడు. అది కుక్కకు తగలకుండా పట్టాల మీద పడింది. కుక్క ఓపికగా దిగిపోయి తిని, మళ్ళీ ఎక్కి వచ్చింది. ఇంజను బాగయ్యేలోగా ప్రభుదాసు బౌద్ధుడైపోయాడు. మొదటి రెండుసార్లు శరణాలు ప్లాట్‌ఫారం మీద, మూడోసారి మాత్రం కదిలే రైలు పక్కన పరుగెడుతూ చెప్పాడు.

ఇంటికి వచ్చి భార్యకు ఈ సంగతి చెప్పాడు. సుగుణమ్మ చేటలో జొన్నలు చెరుగుతూ ఆగి, ఆయన్ను కిందికీ మీదికీ చూసింది.

“సుట్టాన్ని రైలెక్కించి రాప్పా అంటే మతం మార్సుకోనొచ్చినావా? సంతలో సెప్పులు మార్సుకున్నట్ల!”

“నువ్వేం మారబళ్ళేదు. నీ గుడికి నువ్వు పో.”

“పోక? నీకోసం గూడ నేనే మోకరించాల ఇంగ.”

అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక గోడకు సిలువ, ఎదురుగోడకు బుద్ధుడి క్యాలెండరు. రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ నిమ్మళంగా ఉండేవి. తంటా అంతా తేళ్ళతోనే వచ్చింది. ఇంట్లో తేలు కనపడితే సుగుణమ్మ చెప్పు తీసేది, అయ్యవారు పటకారు తీసేవాడు. పటకారుతో పట్టుకుంటే ఆయన చెయ్యి వణికేది. చెయ్యి వణికితే తేలు ఊగేది. తేలు ఊగడం చూసి ఆయన ఇంకా వణికేవాడు. అట్లా ఇద్దరూ వణుక్కుంటూ ఊగుకుంటూ కంచెదాకా పోయేవారు. బడిలో నల్లబల్ల మీద చీమలు బారు కడితే, వాటిని తుడవలేక, ఆ బారుకు అటూ ఇటూ లెక్కలు రాసేవాడు. పిల్లలకు కూడిక ఎక్కడ ముగిసిందో, చీమ ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. మగ్గాల సందులో నేతగాళ్ళు ఆయనకు ‘పురుగుల అయ్యోరు’ అని పేరు పెట్టారు. ఆయన విననట్టే పోయేవాడు. భయం మాత్రం అణువంత కూడా తగ్గలేదు. కరుణ పెరిగేకొద్దీ పెరిగింది కూడా. పాపం, అంతకుముందు జంతువు కనపడితే పారిపోయేవాడు. ఇప్పుడు దగ్గరికి పోవలసి వస్తోంది.

ఇక ఆదోని సంగతి.

సుగుణమ్మ తమ్ముడు మాదన్న ఆదోనిలో కేశవులు శెట్టి పత్తి ఆవరణలో బోరెం తొక్కేవాడు. బోరెం అంటే గోనెపట్టతో కుట్టిన మనిషెత్తు సంచి. నాలుగు గుంజలు పాతి, పైన దూలాలు వేసి, సంచి అడుగు నేలకు తగలకుండా దాని మూతిని వాటికి కట్టి వేలాడదీస్తారు. తొక్కేవాడు లోపలికి దిగుతాడు. ఆడవాళ్ళు మంచె ఎక్కి గంపలతో పత్తి పోస్తుంటే, అతడు గుండ్రంగా తిరుగుతూ కాళ్ళతో అదుముతాడు. పత్తి పెరిగేకొద్దీ మనిషి పైకి తేలుతాడు. గంపల్లో ఏముందో అతడికి కనపడదు. పోసేవాళ్ళ మీద నమ్మకంతోనే తొక్కాలి.

అందుకే అక్కడ ఒక ఆచారం ఉంది. గోడ వారగా ఉన్న కుప్పను ముట్టుకునే ముందు నలుగురు కర్రలు తీసుకుని చుట్టూ బాదుతారు, కేకలు వేస్తారు. గింజ కోసం చేరిన ఎలుకలు, ఎలుకల కోసం చేరినవి ఏమన్నా ఉంటే అవీ బయటపడతాయి. కర్రలు చేతిలోనే ఉంటాయి గనక బయటపడినవి అక్కడితో సరి.

బడికి ఎండాకాలం సెలవులు. తమ్ముడికి జొన్నరొట్టెలు, గురెళ్ళ కారం మూటగట్టి సుగుణమ్మ మొగుణ్ణి ఆదోని బస్సు ఎక్కించింది. ఆయన ఆవరణలో అడుగుపెట్టేసరికి మధ్యాహ్నం తిండ్లు అయిపోయాయి. కొండ మీదుగా నల్లమబ్బు కమ్ముకొస్తోంది. మేస్త్రీ నరసప్ప కర్రలు పంచుతున్నాడు. గంపలు మోసే హులిగెమ్మ కుప్ప అంచున గుప్పెడు పత్తి తీసి “అయ్యో” అంది. లోపల ఎలుకపిల్లలు. గులాబి రంగులో, వేలెడంత కూడా లేవు, కళ్ళు తెరవలేదు.

ప్రభుదాసు అడుగు వెనక్కు వేశాడు. ఎలుకపిల్లలంటే కూడా ఆయనకు భయమే. అయినా రొట్టెల మూటను గుండెకు పొదువుకుని, అంత దూరం నుంచే అన్నాడు. “కొట్టొద్దండప్పా. కండ్లు గూడ తెరవలేదు అవి.”

నరసప్ప నవ్వాడు. “మాదన్నా, మీ బావ ఎలకలకు బడి పెట్టేదానికొచ్చినాడు. పలకలు తెచ్చినావా అయ్యోరా?”

“పెద్దవైనాక అవే యాడికైనా పోతాయిలేప్పా. ఈ పొద్దుకు ఇడ్సండి.”

హులిగెమ్మ చంటిబిడ్డ తల్లి. ఆమెకూ మనసొప్పలేదు. “ఇడ్సన్నా, పాపం. ఒగ పూట కొట్టకుంటే ఏమైతాది?”

నరసప్ప మబ్బు వైపు చూశాడు. వానకు పత్తి తడిస్తే శెట్టి ఊరుకోడు. “సరే, అయ్యోరి ఎలకలు బతకనీ. ఎత్తండి గంపలు, యాల్నే!” అని కర్రలు పక్కన పడేశాడు. హులిగెమ్మ ఎలుకపిల్లలను ఆ పత్తితో సహా తీసి గోడ మూలన పెట్టింది.

ప్రభుదాసుకు ఆ క్షణంలో కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. తన నోటిమాటతో ఇన్ని ప్రాణాలు నిలిచాయి. బోరెం మూతిలో తల మాత్రం కనపడుతున్న మాదన్న వైపు చూసి చెయ్యి ఊపాడు. మాదన్న లోపల తిరుగుతూనే పళ్ళికిలించాడు. గంపలు జోరుగా ఎక్కుతున్నాయి. గోడ వార పత్తి ఎత్తుతున్నారు. హులిగెమ్మ గంప నింపుకుని మంచె ఎక్కి బోర్లించింది.

పత్తితో పాటు జారిపోయిన దానికి తోక ఉంది.

హులిగెమ్మ చేతిలో నుంచి గంప జారి బోరెం కిందికి దొర్లింది. ఆ తర్వాత వచ్చిన కేకకు గోడమీది పావురాళ్ళన్నీ లేచాయి.

“పాము! నల్లది! మాదన్నా, నీ కాళ్ళకాడికే పోయినాది!”

మాదన్న తిరగడం ఆగిపోయింది. ఆవరణంతా ఆగిపోయింది. బోరెం కట్టిన తాళ్ళు మాత్రం కిర్రుమని ఒకసారి మూలిగాయి. మాదన్న మొహంలో నెత్తురు లేదు. పెదవులు మాత్రం కదిలాయి.

“బావా, నా పిక్కకు ఏందో సుట్టుకుంటాంది. సల్లగుంది.”

ప్రభుదాసుకు మాదన్న తల కనపడడం లేదు, పక్కన పడి ఉన్న కర్రలు కనపడుతున్నాయి. అవి కుప్ప మీద పడి ఉంటే ఆ పాము ఏ గోడకంతలోకో పోయి ఉండేది. కొట్టొద్దన్నది తనే. ఆ మాట అన్నందుకు సంతోషపడింది కూడా తనే.

నరసప్ప కర్ర అందుకున్నాడు. “బోరెం మీద నాలుగు ఏస్తే లోపలే సస్తాది.”

“నా కాళ్ళు యాడ పెట్టుకోవాలన్నా? నెత్తిన పెట్టుకునేదా?” అన్నాడు మాదన్న, కదలకుండా.

“పైకి గుంజుదామా?”

“గుంజితే కరుస్తాది. ముట్టుకోవద్దండి నన్ను!”

గలాటాకు కేశవులు శెట్టి గద్దె దిగి వచ్చాడు. సంగతి విని చెంపలు వేసుకున్నాడు. “నాగుపామా? నా ఆవరణలో నాగుపామును సంపొద్దప్పా, మా ఇంటికి సుట్టుకుంటాది ఆ పాపం. బోరెం గేటు బయటికి మోస్కపోయి ఏమన్నా సేసుకోండి.”

“బోరెంలో మనిషుండాడు శెట్టీ!” అన్నాడు నరసప్ప.

“మనిషిని గూడ జాగర్తగా మోస్కపోండి మరి!”

నరసప్ప గిరుక్కున ప్రభుదాసు వైపు తిరిగాడు. “నీ మాట ఇనే గదయ్యా కుప్ప కొట్టకుండా ఇడ్సింది! ఎలకలు బతకాల, మాదన్న సావాల. ఇదేనా నీ దరమం?”

అందరూ ప్రభుదాసు వైపే చూస్తున్నారు. నిజం చెప్పాలంటే, ఆయన గేటు వైపు నడిచాడు. నడిచింది ఆయన కాదు, కాళ్ళు. వీధిలోకి పోయి, బస్సెక్కి, ఎమ్మిగనూరులో తలుపు గడియ పెట్టుకుంటే గానీ ఆగేటట్టు లేవు.

“బావా, యాడికి పోతాండావు?”

గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు బావి మెట్ల మీద బావ తన చెయ్యి వదిలినప్పుడు అడిగినట్టు అడిగాడు. కాళ్ళు ఆగాయి. ప్రభుదాసు వెనక్కు వచ్చాడు. బస్సు కోసం దాచుకున్న ఊపిరినంతా కూడగట్టి, “ఏం సేస్తే బాగుంటాది, నువ్వే సెప్పురా,” అన్నాడు.

“అడుగు కుట్టు ఇప్పాల. పత్తి కిందికి కారితే, దాంతోపాటు దానికీ దోవ దొరుకుతాది. నిదానంగా ఇప్పాల. బోరెం ఊగకూడదు.”

బోరెం అడుగు కుట్టు విప్పాలంటే దాని కింద కూర్చోవాలి. పాము దిగితే ఆ కూర్చున్నవాడి మీదికే దిగాలి. నరసప్ప తన కర్ర వైపు చూసుకున్నాడు. శెట్టి ఆకాశం వైపు చూశాడు. మిగిలినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“నేను ఇప్పుతా,” అన్నారెవరో.

ఎవరా అని ప్రభుదాసు వెనక్కు తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

కుట్లు కోసే చిన్నకత్తిని ఎవరో ఆయన చేతిలో పెట్టారు. రెండుసార్లు కింద పడేశాడు. మూడోసారి అందుకుని, పంచె ఎగగట్టి, బోరెం కిందికి పాక్కుంటూ పోయాడు. నెత్తిమీద బోరెం కడుపు వెంట్రుకలకు తగులుతోంది. ఆ గోనెకు అవతల, జానెడు దూరంలో, అది ఉంది. చెమట కళ్ళలోకి కారింది. శరణాలు చెబుదామని నోరు తెరిస్తే చిన్నప్పటి చర్చి ప్రార్థన వచ్చింది. దాన్ని సగంలో మింగి, ‘బుద్ధం శరణం’ అని అందుకున్నాడు. ఆపై మాట గుర్తుకు రాలేదు. భయానికి పాళీ భాష అంతా ఆవిరైపోయింది. ఇక తెలుగులోకి దిగాడు.

“నాయనా, నీకు మేలు కలగాల. నీ కడుపు నిండాల. నీ పిల్లాజెల్లా సల్లగుండాల. మాదన్న పిక్క నీకు తినేదానికి పనికిరాదు నాయనా...”

“బావా!” పైనుంచి అన్నాడు మాదన్న. “అది సల్లగుండేది తర్వాత. ముందు నన్ను సల్లగుండమను!”

“నిన్నూ అనుకుంటాండారా. వరస వచ్చేదాకా ఓర్సుకో.”

ఒక కుట్టు తెగింది. ఇంకొకటి. గోనె నోరు తెరిచి, తెల్లగా పత్తి ఆయన మొహం మీద రాలింది. ముక్కులోకి పోయింది. తుమ్ము వచ్చింది. తుమ్మితే బోరెం ఊగుతుంది. బోరెం ఊగితే మాదన్న లేడు. ఆయన ముక్కు నలిపి, కన్నీళ్ళు కారుస్తూ, తుమ్మును లోపలే చంపాడు. ఆ రోజు ఆయన చేసిన హింస అదొక్కటే.

“మాదన్నకు మేలు కలగాల. హులిగెమ్మకు, ఆమె బిడ్డకు మేలు కలగాల. నరసప్పకు కోపం తగ్గాల...”

ఇంకో కుట్టు. పత్తి జారుతోంది. పైన మాదన్న పత్తితో పాటు కొంచెం కొంచెంగా కిందికి దిగుతున్నాడు.

“బావా, వదిలింది. పిక్క వదిలింది. కిందికి పోతాంది. బావా, నీకాడికే వస్తాంది!”

ప్రభుదాసు కళ్ళు మూసుకున్నాడు. పారిపోవడానికి చోటు లేదు, సమయమూ లేదు. భుజం మీద బరువు పడింది. గరుకుగా, ఎండుటాకులు రాసుకున్న చప్పుడుతో, ఛాతీ మీదుగా జారి, ఒడిలోకి చేరి, ఆగింది.

ఎంతసేపటికీ అది కదలలేదు. కదిలిందేమో చూద్దామని ఆయన కళ్ళు తెరిచాడు. ఎదురుగా పడగ. నాలుక ఆడుతోంది. ఆయన చూపు పడగ మీద నిలవలేక కిందికి జారింది. దాని డొక్కలు ఎగిసిపడుతున్నాయి, తరుముకొస్తే పారిపోయి వచ్చిన కుక్కపిల్ల డొక్కల్లాగా.

“నువ్వు గూడానా?” అన్నాడు ప్రభుదాసు, బయటికి వినపడనంత సన్నగా.

పడగ వంగింది. దండం అనుకున్నవాళ్ళు అనుకోవచ్చు. అది ఒడి దిగి నేలమీదికి పాకింది. నరసప్ప కర్ర పైకి లేచింది. హులిగెమ్మ చేతిలో నుంచి జారిన గంప అక్కడే పడి ఉంది. ప్రభుదాసు దాన్ని అందుకుని పాము మీద బోర్లించాడు. బోర్లించి, బోరెం కింద నుంచి బయటికి దొర్లి, ఆ గంప మీద కూర్చున్నాడు.

కొట్టనీయకుండా కూర్చున్నాడని కొందరంటారు. నిలబడలేక కూర్చున్నాడని కొందరంటారు. ఆయన్నడిగితే, తనకే తెలియదనేవాడేమో.

“లెయ్ అయ్యోరా!” అన్నాడు నరసప్ప.

“లెయ్యను.”

“లెయ్ అంటాంటే!”

“లెయ్యలేనప్పా. కాళ్ళు రావడం లేదు.”

గంప అల్లిక సందుల్లో నుంచి బుస పైకి వస్తోంది. ఆ ఊపిరి పంచెకు తగిలినప్పుడల్లా ఆయన అరచెయ్యి ఎత్తు ఎగిరి మళ్ళీ కూర్చుంటున్నాడు. ఎగిరినప్పుడల్లా ఆవరణంతా వెనక్కు జరుగుతోంది. మాదన్నను దించి, పంచె ఎత్తి, పిక్క చూశారు. గాటు లేదు. చుట్టుకున్న చోట కమిలిన గీత మాత్రం ఉంది. వాడు నేలమీద చతికిలబడి ఏడ్చాడు, ఆ తర్వాత తిట్టాడు. ముందు పామును, ఆ తర్వాత పత్తిని, చివరికి బావను.

అప్పుడు వాన వచ్చింది. శెట్టి కేక పెట్టాడు. కర్రలూ గిర్రలూ పడేసి అందరూ కుప్ప మీద పరదాలు కప్పడానికి పరుగెత్తారు. వానలో తడుస్తూ ప్రభుదాసు ఒక్కడే గంప మీద మిగిలాడు. కొంతసేపటికి మాదన్న వచ్చి, అంత దూరంలో నిలబడ్డాడు.

“ఇప్పుడేం సేద్దాం బావా?”

“నాకేం తెల్సురా? నేను ఇంతవరకే అనుకున్యా.”

చివరికి ఒక పాత రేకును గంప కిందికి నెట్టి, మాదన్న తలపాగాతో గట్టిగా కట్టారు. కట్టింది ప్రభుదాసు. మాదన్న ఆ గంపను ముట్టుకోనన్నాడు, అందులో తప్పులేదు. వానలో, ఎవరూ చూడకుండా, అయ్యవారు ఆ గంపను నెత్తిన పెట్టుకుని ఆవరణ వెనక గేటు గుండా కొండ వైపు పోయాడు. బుస చెవుల పక్కనే వినపడుతుంటే గట్టిగా ఎక్కం చదువుకుంటూ పోయాడు. ఒట్టి గంపతో తిరిగి వచ్చాడు. ఎక్కడ వదిలాడో ఆ చోటి పేరు మాత్రం ఇక్కడ రాసేది లేదు.

సెలవులింకా అయిపోలేదు. ఒక ఉదయం ఎమ్మిగనూరులో ప్రభుదాసు ఇంటిముందు మనుషులు ఆగారు. నరసప్ప, అతడి వెనక కర్రలతో మరికొందరు, ఒకడి చేతిలో కిరసనాయిలు డబ్బా. అందరికంటే వెనక, బిడ్డను పొదువుకుని హులిగెమ్మ. ఆమె కళ్ళు లోతుకు పోయాయి. సుగుణమ్మ నీళ్ళ చెంబు పట్టుకొచ్చి, కర్రలు చూసి, గడపలోనే నిలిచిపోయింది.

“అయ్యోరా, కోపంతో రాలేదు మేము,” అన్నాడు నరసప్ప. “హులిగెమ్మ గంపలో పడిన పాము అది. ఎత్తి పోసింది ఈమే. అది పగ పడతాది. ఈమె నిద్దరపోయి ఎన్నాళ్ళయిందో! తాడు సూసినా పామే, కట్టె సూసినా పామే. బిడ్డకు పాలు గూడ రావడం లేదు.”

“అయితే?”

“యాడ ఇడ్సినావో సెప్పు. పోయి కొట్టి, కాల్సేసి వస్తాము. ఇంకేం అడగం నిన్ను.”

ప్రభుదాసు కంచె వైపు చూశాడు. చోటు చెబితే అది చచ్చినట్టే. చెప్పనంటే వీళ్ళు కొండంతా తిరిగి, కనపడిన ప్రతి పుట్టనూ పొగబెట్టి, కనపడిన ప్రతిదాన్నీ కొట్టి వస్తారు. అప్పటికీ హులిగెమ్మ నిద్రపోదు, అది ఇదేనా కాదా అనుకుంటూ. ఆ రోజు ఆవరణలో తన మాట నమ్మి ‘ఇడ్సన్నా’ అన్నది ఈమే.

“నువ్వు అబద్ధమాడనని దీక్ష పట్టినోనివంట గదా అయ్యోరా,” అంది హులిగెమ్మ. “సెప్పు. నీ మాటే నమ్ముతా.”

అయ్యవారు ఆమె బిడ్డ వైపు చూశాడు.

“ఏ పాము?” అన్నాడు.

నరసప్ప నోరు తెరిచాడు. “ఏ పామా? నీ ఒళ్ళో పడగ ఇప్పింది గదయ్యా!”

“నా ఒళ్ళో పడింది బోరెం కట్టే తాడు. మబ్బుకు సీకటైంది. ఒగరు పామంటే అందరికీ పామైంది.”

“మాదన్న పిక్కకు సుట్టుకున్నది?”

“ఆ తాడే.”

“గంప కింద బుస కొట్టిందెవరు మరి?”

“నేనే. నాకు ఆయాసం ఉండాది.”

సుగుణమ్మ చెంబు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు కోసమో ఏడుపు కోసమో తెలియలేదు.

“గంప నెత్తిన పెట్టుకోని కొండకు పోతివే? మాదన్న సెప్పినాడు!”

“మాదన్న భయంలో ఉండె. వాని మాట ఏం పట్టుకుంటారు? ఎలకపిల్లలను ఇడ్సనీకి పోతి.”

“పదిమందిమి సూసినాము అయ్యోరా!”

“పదిమందీ భయపడినారు. నేనొక్కణ్ణే భయపడలే. అందుకే నాకు సరిగ్గా కనపడింది.”

నరసప్ప కర్రను ఈ చేతిలో నుంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. హులిగెమ్మ ముందుకు వచ్చింది. బిడ్డను ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి వేసుకుని, ఆయన మొహంలోకి చూసింది.

“నిజంగా తాడేనా అయ్యోరా?”

“తాడే తల్లీ. తాడుకు పగ ఉండదు. ఇంటికి పోయి పండుకో.” ఆయన నరసప్ప వైపు తిరిగాడు. “ఆ పొద్దు ఆదోనిలో పాము అనేదే లేదు. బోరెంలో లేదు, గంపలో లేదు, కొండలో గూడ లేదు. ఎవరు సెప్పినా నమ్మొద్దండి.”